జగ్గారావు అతికిన తలుపు

వన్‌టౌన్ సందుల్లో జగ్గారావు టింకరింగ్ షెడ్డుకి తలుపు లేదు. గోడకి మాత్రం ఒక తలుపు వేలాడుతూ ఉంటుంది. కారు వెనక తలుపు. ఎర్ర రంగు సగం కాలి నల్లబడింది. కింది మూల, పళ్లతో కొరికి లాగినట్టు చిరిగి మెలితిరిగింది. దాని వెనకాల ఒక మనిషి బతికుండగానే కాలిపోవలసింది. ఆ తలుపు ఇక తెరుచుకోకుండా అతికినవాడు జగ్గారావే. లోపల చిక్కుకున్నవాడు జగ్గారావు కుడిచేతి వేళ్లు నలగ్గొట్టినవాడు. చుట్టూ మూగిన జనం జగ్గారావు అత్తవారి మనుషులు. వాడు చావాలన్నదే వాళ్ల కోరిక. సుత్తి జగ్గారావు చేతిలో ఉంది.

అక్కడిదాకా తిన్నగా వెళ్లలేను. ఆ తలుపుకి ఒక బండి ఉంది, ఆ బండికి మూడు మొహాలున్నాయి, ప్రతి మొహమూ దెబ్బలు తిని చచ్చినదే.

బండిని బాగుచెయ్యడమంటే దాన్ని ఇంకోసారి కొట్టడం. లారీ బయటినుంచి కొడుతుంది, టింకరు లోపలినుంచి కొడతాడు. రేకు వెనక ఇనప దిమ్మ పట్టుకుని, ముందునుంచి సుత్తితో బాదుతూ, సొట్టని వచ్చిన దారినే వెనక్కి తోలతాడు. ఆ చప్పుడు మధ్య ముప్ఫై ఏళ్లు బతికినవాడితో మాట్లాడాలంటే మనం కుడివైపు కూచోవాలి. ఎడం చెవి పోయింది. అయితే అది పోయింది సుత్తి చప్పుడికి కాదు, పెళ్లిలో. ఆ సంగతి వస్తుంది.

చిత్రమేమిటంటే, ఇంత ఉక్కు పోతపోసే ఊళ్లో బండికి అతుకు వేసే రేకు తయారవదు. ఇక్కడి ఉక్కు కడ్డీలై ఇళ్ల స్తంభాల్లోకి పోతుంది, తీగచుట్టలై ఓడలెక్కుతుంది. పల్చటి రేకు కావాలంటే రైల్లో మరో ఊరినుంచి రావాలి. వచ్చాక దాన్ని ఉప్పుగాలి తినడం మొదలుపెడుతుంది. ఈ ఊరి టింకర్లకి తిండి పెట్టేది గుద్దుకునే లారీలకంటే ఎక్కువగా సముద్రమే.

జగ్గారావుది ఎలమంచిలి పక్క పల్లె. వరిచేలో అన్నతో తగువుపడి, పారతో అన్న భుజం చీల్చి, ఆ పూటే రైలెక్కాడు. పోలీసులకి దొరక్కుండా వన్‌టౌన్ సందుల్లో తిరుగుతుంటే హుస్సేన్ బాషా షెడ్డులో సుత్తుల మోత వినిపించింది. అంత గోలలో తనని ఎవరూ వెతకరనుకున్నాడట. హుస్సేన్ బాషా అతన్ని కిందినుంచి పైదాకా చూసి ఒక్కటే అడిగాడు.

“ఎవర్ని కొట్టొచ్చావ్ బేటా?”

“అన్నని.”

“చచ్చాడా?”

“నేదు.”

“అయితే చెయ్యి సరిగా పడలేదు. కూచో, నేర్పిస్తా.”

హుస్సేన్ బాషాని షెడ్డులో అందరూ ఉస్తాద్ అనేవారు. ఉస్తాద్ దగ్గర ఒక నియమం ఉండేది. ఏ బండికైనా మొదటి సుత్తిదెబ్బకి ముందు, వేళ్ల కణుపులతో రేకు మీద తట్టి, “అందర్ కౌన్?” అని గట్టిగా అడగాలి. లోపల ఎవరు అని. జవాబు రాకపోతేనే సుత్తి ఎత్తాలి. ఇది వేళాకోళం కాదు. ఉస్తాద్ పడుచువాడుగా ఉన్న రోజుల్లో పోర్టు దగ్గర ఒక లారీ క్యాబిన్ వెనక గోడ విడగొట్టడానికి పెద్ద సుత్తి విసిరాడు. రేకు అవతల క్లీనరు నిద్రపోతున్నాడు. దవడ రెండు ముక్కలైంది. ఆ మనిషి బతికినంతకాలం గంజే తాగాడు. అతన్ని చూడటానికి ఉస్తాద్ ప్రతి రంజానుకీ వెళ్లేవాడు, ఎదురుగా కూచుని తిరిగొచ్చేవాడు.

“లోపల ఎవరున్నా సరే జగ్గా. దొంగ కానీ, దుష్మన్ కానీ. ముందు బయటికి తియ్. తర్వాత కొట్టేది కొట్టు.”

జగ్గారావుకి ఉర్దూలో వచ్చిన మాట ఆ ప్రశ్నొక్కటే. ఇప్పటికీ తాళం వేసున్న బండి ముందు నిలబడి, ఎవరూ లేరని తెలిసి కూడా, “అందర్ కౌన్?” అంటాడు. సందులో పిల్లలు అవతల నక్కి “నానే!” అని అరిచి పారిపోతుంటారు. వాళ్లని తిట్టి, మళ్లీ మొదటినుంచి తట్టుకొస్తాడు.

ఇక బండి. ద్వారకా నగర్‌లో పెళ్లిళ్లకి కార్లు అద్దెకి తిప్పే నరసింహమూర్తి ఒకరోజు ఒక ముసలి కాంటెస్సా కారుని తాడుకట్టి ఈడ్పించుకొచ్చాడు. చేతిలో ఓ క్యాలెండరు కాగితం. ఓడ వంటవాడెవడో ఇచ్చాడట. దానిమీద అమెరికా వాళ్ల మస్టాంగ్ కారుంది. పొడుగాటి ముక్కు, పొట్టి తోక, ముక్కు కొసన జాలీ మధ్య పరుగెత్తే గుర్రం, వెనక ఒక్కో పక్క మూడేసి నిలువు దీపాలు. పెళ్లికొడుకులు గుర్రమెక్కడం మానేశారు కాబట్టి గుర్రం బొమ్మున్న కారెక్కిస్తానన్నాడు నరసింహమూర్తి.

ఆ కాంటెస్సా ఎముకలు ఇంగ్లండువి, గుండె జపానుది, ఒళ్లు బెంగాల్లో తయారైంది. ఇప్పుడు మొహం అమెరికాది కావాలి. ఈ రేవుకొచ్చే ఓడలూ ఇంతే. యజమాని ఒక దేశంవాడు, జెండా ఒక దేశానిది, కళాసీలు మరో దేశంవాళ్లు. సరుకు దిగిందా లేదా అన్నదే లెక్క. ఉస్తాద్ కాగితాన్ని గోడకి అంటించి చాలాసేపు చూశాడు.

“మొహం కొడతా. తోక కొడతా. తలుపులే ఫికర్.”

నిజమే. మస్టాంగ్‌కి రెండే తలుపులు, కాంటెస్సాకి నాలుగు. ఇలాంటి పని చేసేవాళ్లంతా వెనక తలుపులు రెండూ మూసి వెల్డింగ్ కొట్టి, సందులో పుట్టీ నింపి, రంగేసి దులుపుకుంటారు. ఉస్తాద్ అలా చెయ్యలేదు. బయటి పిడి పీకేసి, సందు మీద పుట్టీ పూసి నునుపు చేశాడు. లోపలి గొళ్లెం మాత్రం పనిచేసేలా వదిలాడు. బయటినుంచి చూస్తే గోడ. లోపలినుంచి గొళ్లెం లాగి భుజంతో ఒక్క పోటు పొడిస్తే పుట్టీ పగిలి తలుపు తెరుచుకుంటుంది.

“గదిలో మనిషిని కూచోబెట్టి గోడ కడతామా?” అన్నాడు.

గుర్రాన్ని జగ్గారావు ఇత్తడి రేకులో కోశాడు. అసలు గుర్రం ఎడమవైపు పరుగెడుతుంది. ఇతని గుర్రం కుడివైపు మళ్లింది. నరసింహమూర్తి ఇదేమిటని అడిగితే, “మన ఊళ్లో ఎవులు సూసొచ్చేరు బాబూ, ఎటెల్తాదో” అన్నాడు.

ఆ మొదటి మొహం, గుండ్రటి కళ్లది, ఎలమంచిలిలో చచ్చింది. ఊరేగింపు నడకకి కాంటెస్సా ఇంజను వేడెక్కిపోతుంది కాబట్టి జగ్గారావు నీళ్ల డబ్బాతో వెనకాల నడిచేవాడు. పెళ్లికొడుకు మేనమామలు తాగి బండి ముక్కుమీదెక్కి గంతులేశారు. దిగమన్నాడొక పెళ్లికూతురు తరఫువాడు. దిగలేదు. కాలు పట్టి లాగాడు. పడ్డవాడి తల కాలవ గట్టుకి కొట్టుకుంది. ఆ తర్వాత పందిరి గుంజలు ఊడొచ్చాయి. ఎవరు ఎవరి బంధువో చూసుకునే తీరిక లేదు, దొరికినవాణ్ణి దొరికినట్టు కొట్టుకున్నారు. బండి అద్దాలు, దీపాలు, జాలీ, అన్నీ మనుషుల పళ్లతో కలిసి రోడ్డుమీద పడ్డాయి. బండికి అడ్డంపడ్డ జగ్గారావు చెంపమీద గుంజ తగిలింది. ఎడం చెవినుంచి నెత్తురు, తర్వాత ఒక ఈల, ఆ తర్వాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం ఈనాటికీ అలాగే ఉంది.

బండి తిరిగి షెడ్డుకొచ్చింది. ఉస్తాద్‌కి ఈలోపు పాత ఇంగ్లీషు మోటారు పత్రికలు కొన్ని దొరికాయి. వాటిలో మస్టాంగ్ వంశమంతా ఉంది. అరవైనాలుగులో పుట్టినప్పుడు సన్నగా చురుగ్గా ఉండేది. అమెరికా పిల్లకాయలంతా ఎగబడి కొన్నారు. పుట్టిన కొన్నేళ్లకే తిండెక్కువైనవాడిలా బలిసింది. డెబ్భైల్లో పెట్రోలు ధర మండేసరికి ఒక్కసారిగా ముడుచుకుపోయి బుల్లి బండైంది. డెబ్భైతొమ్మిదిలో పెట్టెలా పలకలు తేలింది. కళ్లు నాలుగుపలకలు, ముక్కుమీద గుర్రం కూడా చాలా కాలం మాయం. తొంభైనాలుగులో గుర్రం మళ్లీ ఇల్లు చేరింది. రెండువేల అయిదులో తాత మొహాన్నే మనవడికి తగిలించారు. రాజవంశాల చరిత్రలు చాలా చదివాను గానీ, ఇంత నిజాయితీగా పైకెక్కి కిందపడి లేచిన వంశం తక్కువ.

ఉస్తాద్ ఆ బుల్లి బండి బొమ్మ చూసి పేజీ తిప్పేశాడు. “ఇది భయపడ్డ మొహం. భయపడ్డ మొహం నేను కొట్టను.”

పలకల మొహం కొట్టారు. పగిలిన గుండ్రటి దీపాల స్థానంలో వ్యాన్ల చదరపు దీపాలు తేలిగ్గా దొరుకుతాయన్నది అసలు కారణం. వెనక తలుపులు మళ్లీ పాత పద్ధతిలోనే. ఈ రెండో మొహం హుద్‌హుద్ తుపానులో చచ్చింది. ఆ పొద్దున్న షెడ్డు కప్పు రేకులు ఒక్కొక్కటే లేచి కత్తుల్లా సందులో ఎగురుతున్నాయి. ఎదురింటి మేక మెడ తెగి గుమ్మంలో పడింది. ఉస్తాద్ పరుగెత్తి కాంటెస్సాలో దూరాడు. గోడ కూలి బండి ముందు సగాన్ని అణిచేసింది. జగ్గారావు ఇటుకలు పీకుతూ, గాలిలో తన గొంతు తనకే వినపడక, రేకు మీద తట్టి “అందర్ కౌన్?” అని అరిచాడు. లోపల గొళ్లెం టక్కుమంది. పుట్టీ గీతలా పగిలింది. వెనక తలుపు తెరుచుకుని ఉస్తాద్ పాక్కుంటూ బయటికొచ్చాడు. జుట్టంతా సున్నం, నుదుట నెత్తురు.

“చూశావా” అన్నాడు. అంతే అన్నాడు.

ఆ తర్వాత కొన్నేళ్లు బతికాడు ఉస్తాద్. ఆ కొన్నేళ్లలోనే అసలు మస్టాంగ్ మన దేశంలో అమ్మకానికొచ్చింది. సన్నటి కళ్లు, వాలుగా దిగే వీపు, కుడివైపు స్టీరింగు. నరసింహమూర్తి మంచాన పడ్డాడు. అద్దె కార్లూ, షెడ్డు ఉన్న జాగా కూడా కొడుకు ఉదయ్‌కుమార్ చేతికొచ్చాయి. బీచ్ రోడ్డు మీద ఎవరిదో అసలు బండి వెళుతుంటే చూశాడు ఉదయ్. అదే మొహం కావాలన్నాడు. ఉస్తాద్ కూచుని చెబుతుంటే జగ్గారావు కొట్టాడు. మూడో మొహం ఉస్తాద్ చివరి పని. ఆయన పోయినప్పుడు జనాజా వెళ్లే దారిలో ఎక్కడా సుత్తి మోగలేదు.

ఉదయ్‌కుమార్ గురించి ఒక మాట. అతను కొట్టకుండా ఎవరితోనూ మాట్లాడలేడు. డ్రైవర్ని తలమీద మొడుతూ దారి చెప్తాడు, హోటల్లో సర్వరుని కాలితో పిలుస్తాడు. ఒక పెళ్లిలో అతని కారు వెనక తలుపు సందు మీద పుట్టీ వెంట్రుక మందాన చీలింది. గతుకుల్లో ఊగే బండికి అది సహజం. పెళ్లికూతురు మేనత్త చూసి, “ఇదేటిరా, నాలుగు తలుపుల గుర్రఁవా?” అంది. మంటపమంతా నవ్వింది.

ఉదయ్ నేరుగా షెడ్డుకొచ్చాడు.

“ఒరే జగ్గా, చీలికెక్కడుందో చూపించు.”

“వొస్తాది బాబూ. కొద్దిగా పుట్టీ ఎడితే—”

“ముందు తలుపు దగ్గర కూడా ఉందిరా. చెయ్యి పెట్టి చూడు.”

జగ్గారావు ముందు తలుపు అంచున వేళ్లు పెట్టి తడిమాడు. అక్కడ చీలికేం లేదు. తలెత్తేలోపు ఉదయ్ తలుపుని కాలితో తన్ని మూశాడు. కాంటెస్సా తలుపు బరువైనది. మూసుకున్నాక కూడా ఉదయ్ వెంటనే తియ్యలేదు. వీపు ఆనించి సిగరెట్ వెలిగించుకున్నాడు.

“ఈసారి పగిలితే ఎడం చెయ్యి” అన్నాడు.

చూపుడువేలు సగం, నడిమివేలు మొత్తం ఆసుపత్రిలో తీసేశారు. జగ్గారావు భార్య చిలకమ్మ జాలరిపేట ఆడది. చేపలు కోసే కత్తి పట్టుకుని ద్వారకా నగర్ బయల్దేరింది. జగ్గారావే ఆపాడు. జాగా వాళ్లది, ముప్ఫై ఏళ్ల సుత్తులన్నీ ఆ జాగాలో ఉన్నాయి.

“సేతులూడినా జాగా పోకూడదేటి?” అని అరిచింది చిలకమ్మ. “నువ్వు మగోడివేనేటి?”

జగ్గారావు లేచాడు. కట్టుతోనే షెడ్డుకెళ్లి, ఉస్తాద్ పెట్టిన లోపలి గొళ్లేలు రెండూ కోసి పారేశాడు. వెనక తలుపుల చుట్టూ రేకు పట్టీ వేసి నిండుగా వెల్డింగ్ కొట్టాడు. పగలమను చూద్దాం. ఎడమవైపు తలుపు కింది మూలకి వచ్చేసరికి కట్టులోంచి నెత్తురు కారింది, చేతిలో వెల్డింగ్ టార్చి నిలవలేదు. అక్కడ అతుకు బుడగలు బుడగలుగా, తేనెతుట్టెలా వచ్చింది. గ్రైండరుతో అరగదీసి పైన పుట్టీ పూసేశాడు. మరొకడి కంటికి అది కనపడదు. ఆ వాలు వీపుకి వెనకద్దం బదులు మందపాటి ప్లాస్టిక్ పలకని ఇనప చట్రంలో బిగించాడు. వెనక పక్క అద్దాల చోట రేకు మూశాడు. ముందు రెండు తలుపులు తప్ప ఆ బండికి ఇంక దారి లేదు.

రంగు ఆరిన రోజు సాయంత్రం ఉదయ్ వచ్చాడు. నోరు మందు వాసన.

“ఎక్కు. కిర్రుమంటే చెప్పాగా, ఎడం చెయ్యి.”

బండి చేసినవాడు మొదటి పరుగులో పక్కన కూచుని చప్పుళ్లు వినడం ఆనవాయితీ. జగ్గారావు పనిముట్ల సంచి కాళ్ల దగ్గర పెట్టుకుని ఎడం సీట్లో కూచున్నాడు. బీచ్ రోడ్డెక్కగానే ఉదయ్ తొక్కాడు. ఆ ముసలి జపాను గుండెకి అంత పరుగు తగదు. గుర్రం మొహం పెట్టుకున్నాక ఎవరాపుతారు? జాలరిపేట మలుపులో తట్ట నెత్తినపెట్టుకుని ఒక ముసలామె రోడ్డు దాటుతోంది.

రేకు మీద ఏది పడితే ఏ చప్పుడొస్తుందో జగ్గారావుకి తెలుసు. ఈ చప్పుడు తెలియదు. మెత్తగా మొదలై గట్టిగా అయింది. ఆమె బండి ముక్కుమీద పడి దొర్లి అవతలికి పోయింది. అద్దం నిండా చేపలు. బండి తిరిగి, కుడి ముక్కుతో కరెంటు స్తంభాన్ని పొడిచి ఆగింది. నలిగిన రేకుల మధ్య డ్రైవరు తలుపు బిగుసుకుపోయింది.

తెప్పల దగ్గర వలలు బాగుచేసుకుంటున్నవాళ్లు పరుగెత్తుకొచ్చారు. కొందరి చేతుల్లో తెడ్లున్నాయి. ముందు చేరినవాడు సాయిశంకర్, చిలకమ్మ తమ్ముడు. ఎడం తలుపు తెరిచి కాలరు పట్టుకుని లాగాక గానీ మనిషెవరో చూడలేదు.

“బావా! నువ్వేటి ఇందులో?”

“ఎవుల్రా... ఎవులికి తగిలినాది?”

“అమ్మకి బావా! మీ అత్తకే!”

అత్త జోగమ్మ రోడ్డు పక్క ఒరిగి ఉంది. తొడ దగ్గర కాలు మరో వైపు తిరిగింది. పుట్టింటికొచ్చి ఉన్న చిలకమ్మ అప్పటికే పరుగెత్తుకొచ్చి తల్లి తల ఒళ్లో పెట్టుకుంది. జోగమ్మ రోడ్డుమీద చేపల్ని చేత్తో దగ్గరికి లాక్కుంటోంది.

ఉదయ్ ఎడం తలుపులోంచి దిగబోయాడు. తెడ్డు ఒకటి గడ్డం మీద తగిలింది, ఇంకొకటి ఛాతీ మీద. పళ్లు ఉమ్ముకుంటూ వెనక సీట్లోకి పాక్కుపోయాడు. తెడ్లు లోపలికి పొడుస్తూనే ఉన్నాయి. అంతలో బండి ముక్కు కిందినుంచి పెట్రోలు వాసన, వెంటనే భగ్గుమని మంట. చూస్తుండగానే అది స్టీరింగు దాటి ముందు సీట్లకి అంటుకుంది. జనం వెనక్కి తగ్గారు. వెనక టాంకీ ఉంది.

లోపలినుంచి తలుపు మీద గుద్దులు. ఉదయ్ భుజంతో పొడుస్తున్నాడు. ఉస్తాద్ తలుపైతే ఈపాటికి తెరుచుకునేది.

“కాలిపోనీ నంజికొడుకుని” అన్నాడొకడు. ఎవరూ కాదనలేదు. సాయిశంకర్ బావతోపాటు రోడ్డుమీద పడిన సంచిలో పెద్ద సుత్తి చూసి తీసి చేతికిచ్చాడు.

“కొట్టు బావా. నీ ఏళ్లు తీసినోడే కదేటి? బయటికొస్తే నెత్తి పగలగొట్టు!”

జగ్గారావు సుత్తి తీసుకున్నాడు. సంచిలోంచి ఉలి కూడా తీశాడు. ఎడం వెనక తలుపు దగ్గరికి నడిచాడు. రంగు బుడగలెత్తి పేలుతోంది. మిగిలిన వేళ్ల కణుపులతో రేకు మీద తట్టాడు.

“అందర్ కౌన్?”

జనానికి అర్థం కాలేదు. లోపల గుద్దులు ఆగాయి.

“జగ్గన్నా... నేనే... తియ్యి అన్నా... తియ్యి...”

ఆ బండిలో ఎవరున్నారో ఊరంతటికీ తెలుసు. అయినా తట్టాడు, అడిగాడు, జవాబొచ్చింది. జగ్గారావు మోకాళ్లమీద కూచుని కింది మూలలో, నెత్తురు కారిన చోట, ఉలి ఆనించి సుత్తి ఎత్తాడు. పుట్టీ పెచ్చులూడింది. రెండో దెబ్బకి తేనెతుట్టెలాంటి అతుకు విరిగింది. ఉలి లోపలికి దిగింది.

“ఏటి బావా! ఆడ్ని తీత్తన్నావేటి?” సాయిశంకర్ తెడ్డు ఎత్తి బావ వీపు మీదే వేశాడు. జగ్గారావు ముందుకి పడ్డాడు. కాలే రేకు మీద నుదురు అంటుకుంది, చర్మం అక్కడే ఉండిపోయింది. లేచి మళ్లీ ఉలి పట్టుకున్నాడు. రెండో తెడ్డు లేచింది.

చిలకమ్మ తల్లి నెత్తురంటిన చీరతో మధ్యలోకి వచ్చింది. తమ్ముడి చెంప పగలగొట్టింది.

“ఆగండ్రా సచ్చినోల్లారా! ఆడు కాలిపోతే మన సేతికేటొస్తాది, బూడిదా? తియ్యనీండి ముందు. అమ్మ కాలికి జవాబు బూడిద సెప్తాదేటి?”

అందులో న్యాయం ఉందని వాళ్లకి తోచింది. తెడ్లు దిగాయి. ఇద్దరు తడిపిన వల తెచ్చి జగ్గారావు వీపు మీద కప్పారు. సాయిశంకర్ తిట్టుకుంటూనే చిరిగిన సందులో తెడ్డు పెట్టి ఎత్తాడు. మూల చిరిగింది. చిరిగిన రేకుని జగ్గారావు వట్టి చేతులతో పట్టి, కాలు ఆనించి లాగాడు. కింది అతుకు పటపటా విడిపోయింది. ఆ సందులోంచి ఉదయ్‌ని కాళ్లు పట్టి ఈడ్చారు. జుట్టు లేదు, చొక్కా ఒంటికి అతుక్కుంది. బతికి ఉన్నాడు. నలుగురు ఇసక మీదకి లాక్కుపోయేలోపు టాంకీ పేలింది. తలుపు కీళ్లనుంచి ఊడి రోడ్డుకి అడ్డంగా వచ్చి పడింది.

జనం వలయంగా మూగారు. తెడ్లు మళ్లీ లేచాయి. చిలకమ్మ మాట అందరికీ గుర్తుంది. ఉదయ్ చుట్టూ చూసి, తెలిసిన మొహం ఒక్కటే కనపడి, జగ్గారావు కాళ్లు పట్టుకున్నాడు.

“అన్నా, వీళ్లకి చెప్పన్నా.”

జగ్గారావు వంగి అతని కుడిచెయ్యి పట్టుకున్నాడు. లేపుతాడనుకున్నారు. ఆ చేతిని, వచ్చిపడిన తలుపు దగ్గరికి ఈడ్చి, రేకు మీద పరిచి, మణికట్టు మీద మోకాలు పెట్టాడు. సుత్తి ఎత్తాడు. ఒక్కటే దెబ్బ. చెయ్యి సరిగా పడింది.

ఉదయ్ అరుపు ఆగాక జగ్గారావు లేచి నిలబడ్డాడు.

“అయిపోయినాది.”

“అవ్వనేదు బావా. అమ్మ లెక్క—” అన్నాడు సాయిశంకర్.

“అయిపోయినాది అన్నాను. అత్త లెక్కా ఇందులోనే. ఇంక ఆడిమీద సెయ్యేసినోడు నామీద ఏసినట్టే.”

నుదుట చర్మం లేని మొహం, చేతిలో సుత్తి. వాళ్లలో ఎవరూ కదల్లేదు. చిలకమ్మ ఇసక మీద ఉమ్మి, తల్లి దగ్గరికి వెళ్లిపోయింది. అంబులెన్సు వచ్చింది. ఒకే బండిలో జోగమ్మనీ ఉదయ్‌కుమార్‌నీ పక్కపక్కన పడుకోబెట్టి తీసుకెళ్లారు. దారంతా జోగమ్మ వాణ్ణి తిడుతూనే ఉందని, ఆ కోపమే ఆమెని స్పృహలో నిలబెట్టిందని చెప్తారు.

జోగమ్మ ఇప్పుడు కూచునే ఎండుచేపలు అమ్ముతోంది. ఉదయ్‌ చెయ్యి గ్లాసు పట్టుకోదు. బండి తోలినందుకు అతని మీద కేసుంది, చెయ్యి విరగ్గొట్టినందుకు జగ్గారావు మీద కేసుంది. జాగా పోయింది. ఉస్తాద్ కూతురు చాంద్ సుల్తానా తన ఇంటి పక్క ఖాళీలో చోటిచ్చింది. సుత్తులు అక్కడికి మారాయి, తలుపూ మారింది. అమెరికాలో ఆ వంశంలో ఏడో తరం బండి బజారుకొచ్చిందట. మొన్నొకడు ఫోన్లో దాని బొమ్మ చూపించి, తన నాలుగు తలుపుల కారుకి ఆ మొహం కొట్టిపెట్టమన్నాడు. జగ్గారావు మొహం కొడతానన్నాడు. తలుపుల సంగతి అడిగితే గోడకేసి చూపించాడు. వాడు తలుపు చిరిగిన మూలని వేలితో తాకి, మళ్లీ వస్తానని వెళ్లిపోయాడు. రాలేదు.

వచ్చే వాయిదాకి జగ్గారావు తన కేసులో వాంగ్మూలం ఇవ్వాలి. తలుపు చీలుస్తున్నప్పుడు పొరపాటున సుత్తి చేతికి తగిలిందని చెప్పమంటున్నాడు ప్లీడరు. అలా చెబితే కేసు నిలవదట. చిలకమ్మ అదే చెప్పమని రోజూ పోరుతోంది. కుడివైపు కూచుని నేనూ అడిగాను, చెప్పేస్తే ఏం పోయింది అని.

సొట్టపడ్డ ఆటో రేకు మీద తట్టి, “అందర్ కౌన్?” అని అడిగి, నావైపు తిరిగాడు.

“ఆడ్ని తీసిన దెబ్బలు ఏరు మాస్టారూ, కొట్టిన దెబ్బ ఏరు. రెండూ నానే కొట్టేను. కలిపీమంటే ఎలగ?”

ఎవరూ పలకలేదు. సుత్తి ఎత్తాడు.